నూట ఒకటో వాడు

ఉదయం పది గంటల పది నిమిషాలకు మా బడిలో హాజరు తీయడం పూర్తయింది. అది రోజూ పూర్తయ్యేదే. పంతులుగారు పట్టీ మూసి, కళ్ళజోడు తీసి, ఉత్తరీయంతో తుడుచుకున్నారు. అదీ రోజూ చేసేదే. ఆ రోజు జరిగిన కొత్త పని ఒక్కటే. పట్టీలో మొత్తం ఎన్ని పేర్లున్నాయో చూసి, ఒక కాగితం మీద నా అందమైన దస్తూరితో రాసి, కింద ఒక గీత గీసి, జేబులో పెట్టుకున్నాను. ఆ గీతతో సహా చెబుతున్నాను, జీవితంలో అంత శుభ్రంగా చేసిన తప్పు నాది మరొకటి లేదు.

ఈ సంగతిని ఇన్నాళ్ళూ నా మిత్రుడు నరహరి చెప్పేవాడు. పెళ్ళిళ్ళలో చెప్పేవాడు, దుకాణంలో గాజులు కొనడానికి వచ్చిన వాళ్ళకు చెప్పేవాడు, ఒకసారి వేరెవరినో చూడడానికి ఆసుపత్రికి వెళ్ళి అక్కడి మంచాలన్నిటికీ వినబడేలా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ మేము ఓడిన ఆటలో ఒక గోల్ పెరిగేది. నేను పక్కన కూర్చుని దిద్దేవాణ్ని. నరహరి పోయి రెండు నెలలయింది. పదో రోజున అతని మనవళ్ళు నా చుట్టూ చేరి "తాతా, ఆ ఫుట్‌బాల్ కత నువ్వు జెప్పు" అన్నారు. చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నాకు చెప్పడం రాదు. అందుకని రాస్తున్నాను. రాతలోనూ నవ్వు రాకపోతే, కనీసం గోల్స్ లెక్కయినా సరిగా ఉంటుంది.

అవి పంతొమ్మిది వందల ముప్ఫైల చివరి రోజులు. పాతబస్తీలో, శాలిబండ వెనక ఒక దేవిడీలో మా బడి. దేవిడీ అనగానే నవాబుల మహలును ఊహించుకోకండి. యజమాని ముందు భాగంలో ఉండేవాడు. మాకు ఇచ్చింది ఒకప్పుడు గుర్రాలు కట్టిన వెనక భాగం. ఎనిమిదో తరగతి వాళ్ళం, అంటే బడిలో అందరికంటే పెద్దవాళ్ళం, మేత తొట్టి మీద చెక్కలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. చదువు ఉర్దూలో, తిట్లు తెలుగులో, డ్రిల్లు రెండింటిలోనూ జరిగేవి. పంతులుగారు రోజూ పిల్లలందరినీ ముంగిట్లో నిలబెట్టి ఒకే పట్టీలోంచి పేర్లు పిలిచేవారు. మేము "హాజిర్" అనేవాళ్ళం. అది అయ్యాకే ఎవరి గుర్రపుసాలకు వాళ్ళం వెళ్ళేవాళ్ళం.

పాతబస్తీ బడులన్నిటికీ కలిపి ఏటా ఫుట్‌బాల్ పోటీలు జరిగేవి. మాకు మొదటి ఆట ఎప్పుడూ మేము పెద్దబడి అని పిలిచే బడితోనే పడేది. అక్కడ ఏడు వందల మంది పిల్లలు. వాళ్ళలోంచి పదకొండు మందిని ఏరడానికి మూడు వారాలు పట్టేదట. మా బడిలో అది మూడు నిమిషాల పని. "ఆడేవాళ్ళు ముందుకు రండి" అంటే పదమూడు మంది వచ్చేవారు. వాళ్ళలో ఇద్దరికి ఇంట్లో ఒప్పుకునేవారు కాదు. మిగిలినవాళ్ళం జట్టు. నేను కెప్టెన్‌ని, ఎందుకంటే బంతికి గాలి కొట్టే పంపు మా ఇంట్లో ఉండేది.

అంతకు ముందు ఏడు పద్నాలుగు గోల్స్‌తో ఓడాము. పన్నెండో గోల్ తర్వాత వాళ్ళ గోల్‌కీపర్ విసుగు పుట్టి, పల్లీలు తింటూ నడుచుకుంటూ మా వైపు వచ్చి, దగ్గర నుంచి ఆట చూశాడు. నాకు కూడా రెండు పల్లీలు ఇచ్చాడు. తిన్నాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

మా డ్రిల్ మాస్టర్ ఖాదర్ సాబ్ పటాలంలో పనిచేసి వచ్చినవాడు. ఎంత ఘోరంగా ఓడినా మమ్మల్ని వరుసలో నిలబెట్టి, గెలిచినవాళ్ళకు సలాం కొట్టించేవాడు. "హారే తో హారే. లైన్ మాత్రం సీదా ఉండాలె" అనేవాడు. లైను సీదాగా ఉండడంలో మా బడిని మించిన బడి లేదు.

నాకు మాత్రం ఆ సలాములు గుచ్చుకున్నాయి. ఇది ఓటమి కాదు, అన్యాయం అని తేల్చుకున్నాను. అప్పటికి నేను చాలా పుస్తకాలు చదివి ఉన్నాను. పోటీల కమిటీకి ఉర్దూలో ఒక అర్జీ రాసి, చదివినవన్నీ అందులో పెట్టాను. మమ్మల్ని గాలివానలో దీపాలతో పోల్చాను. పెద్దబడిని ఏనుగుతో, కమిటీని సముద్రంతో, కమిటీ సెక్రటరీ సాబ్‌ను పున్నమి చంద్రుడితో పోల్చాను. నాలుగు పేజీలు వచ్చింది. మూడో పేజీలో పోలికలు అయిపోయినప్పుడు, గత్యంతరం లేక ఒక మామూలు మాట రాశాను. వాళ్ళు ఏడు వందల మందిలోంచి పదకొండు మందిని ఎంచుకుంటారు, మేము తొంభై తొమ్మిది మందిలోంచి ఎంచుకుంటాము, కనుక బడుల్ని పిల్లల సంఖ్యను బట్టి రెండు దర్జాలుగా, అంటే రెండు శ్రేణులుగా, విడదీయండి అని.

ఖాదర్ సాబ్ అర్జీ నాలుగు పేజీలూ చదివాడు. చివరికి "మియాఁ, చాంద్ కాయ్‌కు?" అన్నాడు.

"చంద్రుడైతే అందంగా ఉంటదని ఉస్తాద్."

"మనకు గావాల్సింది గోలు గదా బేటా."

రెండు వారాలకు కమిటీ నుంచి పిలుపు వచ్చింది. సెక్రటరీ సాబ్ రూమీ టోపీ పెట్టుకున్న పొట్టి మనిషి. నా అర్జీ ఆయన ముందు బల్ల మీద ఉంది.

"గీ చంద్రుడు ఎవరు?" అన్నాడు.

"తమరే సాబ్."

"నేనా?" టోపీ కొంచెం సర్దుకున్నాడు. తర్వాత దగ్గాడు. "సరే. చంద్రుణ్ని, సముద్రాన్ని పక్కకు పెట్టినం. గీ లెక్క మాట కాడ అందరం ఆగినం. బాత్ ఇన్సాఫ్ కీ హై. మీ బడిల ఎంతమంది అన్నవ్?"

"తొంభై తొమ్మిది సాబ్."

"అయితే నూరు కాడ గీత గీస్తం. నూరు దాకా ఛోటా దర్జా. నూరు దాటితే బడా దర్జా. ఛోటా దర్జాకు వేరే కప్పు. వచ్చే నెల ఒకటో తారీఖు హాజరు పట్టీల ఎన్ని పేర్లుంటే అదే లెక్క. వచ్చినా రాకున్నా, పేరున్నోడు ఉన్నట్టే. కాగితం నువ్వే పట్టుకరా."

ఆ రోజు నేను చార్మినార్ మీదుగా ఇంటికి నడుచుకుంటూ వెళ్ళానని అంటారు. నా గుర్తు ప్రకారం ఎగురుకుంటూ వెళ్ళాను. బడిలో నా పేరు మారిపోయింది. రంగారావును కాస్తా ఇన్సాఫ్ మియాఁ, అంటే న్యాయంగారు, అయ్యాను. మీరే ఆలోచించండి. పదిహేనేళ్ళ పిల్లవాడు అడిగితే పాతబస్తీ బడులన్నీ రెండుగా చీలిపోయాయి. అక్కడితో ఆగి ఉంటే నా పేరు మీద ఈపాటికి ఏ గల్లీకో ఒక బోర్డు ఉండేది.

ఆగలేదు. న్యాయం చేతికి రాగానే నాకు గోల్‌కీపర్ కూడా కావాలనిపించింది.

కిషన్‌బాగ్ నుంచి మా గల్లీకి మల్లయ్య అనే అతను పాలు పోసేవాడు. నాకంటే ఏడాది పెద్ద, తలుపంత మనిషి. ఒకరోజు మా మేనత్త మేడ మీద ఇత్తడి చెంబు కడుగుతూ జారవిడిచింది. కింద మల్లయ్య కుడి చేత్తో పాలు కొలుస్తున్నాడు. తల పైకి ఎత్తకుండా ఎడమ చేత్తో ఆ చెంబు పట్టుకుని, "అత్తా, ఇంకో పావుసేరు పోయన్నా?" అన్నాడు. ఒక్క చుక్క పాలు ఒలకలేదు. నేను అరుగు మీద నిలబడి, ఆ చెంబు స్థానంలో పెద్దబడి వాళ్ళ బంతిని చూశాను.

ఆ శుక్రవారం, బడికి సెలవు, కిషన్‌బాగ్ వెళ్ళాను. మల్లయ్య తండ్రి ఎల్లయ్య పశువుల కొట్టంలో కుడితి కలుపుతున్నాడు.

"కాకా, మల్లన్నను మా బడికి పంపు."

"ఎందుకు? మీ బడిల బర్రెలున్నయా?"

"సదువుకుంటడు కాకా."

"గింత పెద్దోనికి గిప్పుడు సదువేంది? నిజం జెప్పు కొడుకా."

"ఫుట్‌బాల్ ఆడుతడు."

"గట్ల జెప్పు." ఎల్లయ్య చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "పంపుత. గాని ఒక్కన్ని పంప. నాకు ఇద్దరు కొడుకులు. ఒకని చేతికి పలుక, ఒకని చేతికి పేడ తట్ట ఇస్తె, రేపు పెద్దగైనంక చిన్నోడు నన్ను అడగడా? పంపితే సత్తిగాన్ని గూడ పంపుత. లేకుంటే ఇద్దరు నా ఎంబడే ఉంటరు."

ఎంత న్యాయమైన మాట! నా కళ్ళు చెమర్చాయి. "ఇద్దర్నీ పంపు కాకా" అన్నాను. తొంభై తొమ్మిదికి రెండు కలిపితే ఎంతో రెండో తరగతి పిల్లవాడు చెప్పగలడు. నేను ఎనిమిదో తరగతి.

మల్లయ్యనూ, తొమ్మిదేళ్ళ తమ్ముడు సత్తయ్యనూ ఒకటో తరగతిలో చేర్చారు. కోడిపిల్లల గంప కింద కూర్చున్న గేదెలా ఉండేవాడు మల్లయ్య. అయినా సిగ్గుపడకుండా, ఆరేళ్ళ పిల్లలతో కలిసి గొంతెత్తి అలిఫ్ బే చదివేవాడు. సాయంత్రం మేము పదకొండు మందిమి వరుసగా తన్నినా ఒక్క బంతి అతన్ని దాటేది కాదు. ఖాదర్ సాబ్ మొదటిసారి మా లైను సంగతి మరిచిపోయి ఆట చూశాడు.

ఇక ఒకటో తారీఖు, పది గంటల పది నిమిషాలు, కాగితం, గీత. అవి మీకు తెలుసు.

సెక్రటరీ సాబ్ కాగితం విప్పి చూశాడు. "నూట ఒకటి" అన్నాడు.

"జీ సాబ్."

"నూట ఒకటి మియాఁ."

"జీ సాబ్. ఇద్దరు కొత్తగ చేరిన్రు. మస్తు ఆడుతరు" అన్నాను గర్వంగా.

ఆయన కలం తీసి రాసుకున్నాడు. "బడా దర్జా."

"ఎవరు సాబ్?"

"మీరే."

నేను నవ్వాను. పెద్దవాళ్ళు పరిహాసమాడితే నవ్వడం మర్యాద కదా. ఆయన నవ్వలేదు. అప్పుడు నా చిన్న కప్పు, మేడ మీది చెంబులా, జారింది. కింద పట్టుకునేవాడు లేడు.

"ఈ రూలు అడిగింది ఎవరు?" అన్నాడు.

"నేనే సాబ్."

"గీ లెక్క రాసింది?"

"నేనే."

"కింద గీత గూడ మంచిగ గీసినవ్." కాగితాన్ని వెలుగులో పెట్టి మెచ్చుకోలుగా చూశాడు. తర్వాత జాలిపడ్డాడు. "సూడు బేటా. ఎవరన్న బడి మానేసినట్టు ఇంటోళ్ళదో పిల్లగానిదో దస్తఖత్ తెస్తే మళ్ళ సూస్తం. జుమేరాత్ దాకా టైము."

అది సోమవారం. గురువారానికి మూడు రోజులు. తిరిగి వచ్చి ఖాదర్ సాబ్‌కు చెప్పాను.

"ఒక్కన్ని తీసెయ్, అయిపోతది" అన్నాడాయన. "ఆ చిన్నోన్ని తీసెయ్."

"సత్తిని తీస్తే వాళ్ళ నాయిన మల్లన్నను గూడ తీస్కపోతడు ఉస్తాద్."

"మరి మల్లయ్యనే తీసెయ్."

"గోల్‌ల ఎవరు నిలవడుతరు?"

"నిన్ను తీసేస్తే?"

"నేను కెప్టెన్ ఉస్తాద్!"

"గందుకే అంటున్న."

అప్పుడు నాకు నరహరి గుర్తొచ్చాడు. ఏడో తరగతి, గాజుల దుకాణం వాళ్ళ అబ్బాయి. అప్పటికి ముఖం తెలుసు తప్ప మాట కలపలేదు. విషజ్వరం వచ్చి రెండు నెలలుగా మంచం మీద ఉన్నాడు. పంతులుగారు మాత్రం రోజూ అతని పేరు పిలిచేవారు. ఒకసారి పిలిచి ఊరుకోరు. రాని పిల్లవాణ్ని మూడుసార్లు పిలవడం ఆయన పద్ధతి. మూడోసారి పిలిచాక తలెత్తి తలుపు వైపు చూసి, కొంచెం ఆగి, తర్వాతి పేరుకు వెళ్ళేవారు. రెండు నెలలుగా మేమందరం ఆ కొంచెంసేపు నిలబడి విసుక్కుంటున్నాము.

పంతులుగారి దగ్గరికి వెళ్ళాను. "సార్, నరహరి ఎట్లాగు వస్తలేడు. పేరు కొట్టేస్తే మనం నూరైతం."

పంతులుగారు కోప్పడలేదు. పట్టీ తెరిచి నా ముందుకు తోశారు. "కొట్టేద్దాం. ఎక్కువైంది ఒక్కడే గద. నూట ఒకటో వాడెవడో గీ పట్టీల చూపెట్టు. వాన్నే కొట్టేస్త."

నేను పట్టీలో అన్నిటికంటే కింద ఉన్న పేరు మీద వేలు పెట్టాను.

"వాడు పట్టీల చివర ఉన్నడు గాని బడిల మూడేండ్ల సంది ఉన్నడు. వాడెట్ల నూట ఒకటో వాడు?"

మల్లయ్య పేరు మీద పెట్టాను.

"వాన్ని నువ్వే పిల్చుకొచ్చినవ్. పిల్చుకొచ్చినోన్ని ఎల్లగొడుతమా?"

చివరికి నరహరి పేరు మీద పెట్టాను.

"వానికి జరమొచ్చింది. జరమొస్తే బడి మానేసినట్టా?"

"మరి ఇంకెవరున్నరు సార్?"

"అయితే నూట ఒకటో వాడు లేడన్నట్టు. పో, పోయి లెక్కలు చేస్కో."

ఆ మాట నాకు అప్పుడే అర్థమై ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను చదువుకున్నవాణ్ని, అంత తొందరగా ఎలా అర్థమవుతుంది? పంతులుగారు కాదంటే నరహరి ఇంటివాళ్ళు ఉన్నారు కదా అనుకున్నాను. వాళ్ళ నాన్న రాసినట్టుగా నేనే ఒక కాగితం రాశాను. సంతకం గంభీరంగా ఉండాలని మా మామయ్య ఫౌంటెన్ పెన్ను అడిగి తీసుకుని, మంగళవారం మధ్యాహ్నం హుసేనీ ఆలంలో వాళ్ళ ఇంటికి వెళ్ళాను.

తలుపు నరహరి వాళ్ళమ్మ తీసింది.

"బడి నుంచొచ్చినవా బిడ్డా? పంతులు పంపిండా? రా రా, లోపటికి రా." నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. "రెండు నెలలాయె. ఒక్క పోరడు తొంగి సూడలే. జరం అంటుకుంటదని భయపడుతున్నరు. నువ్వొక్కనివే వచ్చినవ్. కూసో. సర్వపిండి జేసిన, తిను."

వేడి వేడి సర్వపిండి నా చేతిలో పెట్టింది. నేనెందుకు వచ్చానో చెప్పడానికి నోరు తెరిస్తే అందులో సర్వపిండి ఉంది.

నరహరికి జుట్టు తీయించేశారు. దిండు మీద ముఖం కంటే చెవులే ముందు కనబడ్డాయి. నన్ను చూసి లేవబోయి, లేవలేక, చెయ్యి ఊపాడు.

"పంతులు నా పేరు పిలుస్తున్నడా?" అదే మొదటి మాట.

"రోజు పిలుస్తడు."

"మూడుసార్లా?"

"మూడుసార్లు."

నరహరి అమ్మ వైపు చూసి గొంతు తగ్గించాడు. "నేను గూడ పలుకుతున్న. పది గొట్టంగనే గీ మంచం మీదకెంచి మెల్లగ 'హాజిర్' అంట. మా అమ్మేమో జరం తలకెక్కిందని తడిబట్ట ఏస్తది."

సర్వపిండి గొంతులో అడ్డం పడింది. నేను దగ్గుతుంటే వాళ్ళమ్మ వీపు నిమిరింది. అప్పుడే ఆమెకు నా జేబులోని కాగితం కనబడింది.

"గదేంది బిడ్డా? పంతులు రాసిచ్చిండా? మరి ఇయ్యవేంది?" నేను కాదనేలోపు తీసి కొడుకు చేతికి ఇచ్చింది. "సదువు కొడుకా. నాకు గూడ ఇనిపియ్యి."

పరిగెత్తుదామంటే ఆమె చెయ్యి ఇంకా నా వీపు మీదే ఉంది. నరహరి కాగితం విప్పాడు. అందులో ఉన్నది ఇది: జ్వరపీడితుడైన మా కుమారుడు విద్యాసముద్రమును ఈదజాలక ఒడ్డునకు చేరినాడు గనుక అతని పేరును పట్టీ నుండి తొలగింప ప్రార్థన. ఉర్దూలో ఇంకా భారంగా ఉంటుంది.

అతను పైనుంచి కిందికి ఒకసారి చదివాడు. నా ముఖం చూశాడు. మళ్ళీ చదివాడు. తర్వాత, ఒక్క అక్షరం తడబడకుండా, గట్టిగా చదివి వినిపించాడు.

"నరహరి జల్ది తగ్గి బడికి రావాలె. తొందర ఏం లేదు. ఆయన పేరు పట్టీల ఉన్నకాడనే ఉంది. ఫికర్ చెయ్యొద్దు. గిట్ల రాసిండమ్మా పంతులు."

వాళ్ళమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎంత మంచిగ రాసిండు మారాజు" అని, నాకు ఇంకో సర్వపిండి తేవడానికి లోపలికి వెళ్ళింది.

నేను తల ఎత్తలేదు.

"విద్యాసముద్రం ఏందిర?" అన్నాడు నరహరి. "మా నాయిన గిట్ల మాట్లాడడు. గాజులమ్మేటోనికి సముద్రం ఎందుకు?"

ఇక దాచేదేముంది? అర్జీ, చంద్రుడు, నూరు దగ్గర గీత, మల్లయ్య, సత్తయ్య, నూట ఒకటి, అన్నీ చెప్పాను. వింటూ వింటూ నరహరి భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. బొంతలో ముఖం దాచుకుని, మంచం కిర్రుమనేట్టు నవ్వాడు. "రూలు నువ్వే అడిగి, నువ్వే ఇద్దర్ని పట్టుకొచ్చినవా?" అని మళ్ళీ నవ్వాడు. లోపల నుంచి వాళ్ళమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి, రెండు నెలల తర్వాత కొడుకు నవ్వు చూసి, గుమ్మంలోనే నిలబడిపోయి, మళ్ళీ చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళింది.

నవ్వు ఆగాక అతను అడిగాడు. "నా పేరు లేకుంటే గెలుస్తరా?"

"తెల్వదు. చిన్న దర్జాల ఉంటం."

కాగితాన్ని బొంత మీద పరిచాడు. "అయితే పెడ్త దస్తఖత్. నేనెట్లాగు ఆడలేను గద. కలం తెచ్చినవా?"

"తేలే."

"జేబుల ఉన్నదేంది?"

నా జేబులో మామయ్య పెన్ను జెండాలా నిలబడి ఉంది.

"అదా? అది పనిచెయ్యదు" అన్నాను.

నరహరి ఆ పెన్నునూ నన్నూ చాలాసేపు చూశాడు. తర్వాత నా కాగితాన్ని మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. "ఇది నాకుండనియ్యి. జరం ఎక్కువైనప్పుడు సదువుకుంట. మంచిగ నవ్వొస్తది."

బుధవారం ఖాదర్ సాబ్‌తో "దస్తఖత్ అడగలేకపోయిన ఉస్తాద్" అన్నాను. తిడతాడనుకున్నాను. ఆయన మీసం కొస మెలిపెట్టి, "చలో, బడా దర్జా. లైన్‌ల నిలవడుండ్రి" అన్నాడు.

మొదటి ఆట ఎవరితోనో చెప్పనక్కర్లేదు. మూసీ ఒడ్డున మైదానం. మూడు గంటలకు మొదలుకావాల్సిన ఆట, ముఖ్య అతిథి బగ్గీ రాక, బాగా ఆలస్యంగా మొదలైంది. మొదటి సగంలో పెద్దబడి వాళ్ళు ఎన్నిసార్లు తన్నారో లెక్కలేదు. మల్లయ్య ఒక్కటి కూడా పోనివ్వలేదు. కాలితో ఆపాడు, ఛాతీతో ఆపాడు, ఒకసారి వేరే వైపు చూస్తూ ఎడమ చేత్తో ఆపాడు. సున్నాకు సున్నా. వాళ్ళ గోల్‌కీపర్ పల్లీలు కిందపెట్టేశాడు. విరామంలో నాకు కప్పు కనబడింది. పెద్ద కప్పే, చిన్నది కాదు.

రెండో సగం మొదలవగానే మైదానం అంచు నుంచి ఒక కేక వినబడింది.

"ఓ మల్లిగా! బర్రెలు ఒర్రుతున్నయి రా!"

ఎల్లయ్య. పాలు పిండే వేళ దాటిపోతోంది.

"నాయినా, ఒక్క అర్ధగంట!" మల్లయ్య గోల్ లోంచే అరిచాడు.

"బర్రెకు అర్ధగంట సంగతి ఎర్కనా?"

నేను పరిగెత్తి ఎల్లయ్య ముందు నిలబడ్డాను. "కాకా, గిప్పుడు తీస్కపోతే మునుగుతం!"

"మరి సాయంత్రం పాలకోసం సూసే నాలుగు గల్లీలోళ్ళు మునగరా? మీ అత్త గూడ ఉన్నది అండ్ల." ఎల్లయ్య నా భుజం తట్టాడు. "రంది పడకు కొడుకా. గిసొంటిదానికే గద ఇద్దర్ని పంపిన. సత్తిగాన్ని నిలవెట్టు."

మల్లయ్య తమ్ముడి తల నిమిరి, తండ్రి వెంట వెళ్ళిపోయాడు. రెండు కర్రల మధ్య తొమ్మిదేళ్ళ సత్తయ్య నిలబడ్డాడు. దూరం నుంచి చూస్తే గోల్‌లో ఎవరూ లేనట్టే ఉంది. దగ్గర నుంచి చూసినా అంతే. అయినా భయపడలేదు. ఆరోసారి వచ్చిన బంతిని రెండు చేతులా గట్టిగా కావలించుకుని, దానితో పాటే గోల్ లోపలికి దొర్లి, లేచి, "పట్టుకున్న అన్నా!" అని నాకు చూపించాడు. మొత్తం తొమ్మిది. నరహరి చెప్పినట్టు పదిహేడు కాదు, ఇరవై కాదు. తొమ్మిది.

లైన్లో నిలబడి సలాం కొట్టాము. లైను సీదాగా ఉంది.

పోటీలన్నీ అయ్యాక ఆ మైదానంలోనే కప్పులు ఇచ్చారు. ఆ రోజు నరహరి వాళ్ళ నాన్న కొడుకును కంబళిలో చుట్టి, జట్కాలో తీసుకొచ్చాడు. రెండు నెలలు గడిచాక అతను ఇల్లు దాటడం అదే మొదటిసారి. బల్ల మీద రెండు కప్పులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది పెద్దబడికి ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత సెక్రటరీ సాబ్ చిన్న కప్పును ఎర్రగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

నేను వెంటపడ్డాను. మేము కాకపోయినా ఎవరో ఒకరు సుఖపడ్డారని తెలిస్తే మనసు కుదుటపడుతుందని.

"సాబ్, ఛోటా దర్జా కప్పు ఎవరు గెలిచిన్రు?"

"ఎవ్వరు గెల్వలే."

"ఎవ్వరో ఒకరు గెలవాలె గద సాబ్?"

"ఆడితే గదా గెలిచేది." ఆయన ఆగి, టోపీ సర్దుకుని, చాలా ఓపికగా చెప్పాడు. "మియాఁ, నూరు లోపు పిల్లలుండి ఫుట్‌బాల్ ఆడే బడి పాతబస్తీ అంతల ఒక్కటే. అది మీది. ఆ దర్జా పెట్టిందే మీ కోసం. బంతి ముట్టకుంటనే కప్పు మీకొస్తుండె. మీరే రాలే."

జట్కా పక్కనే ఆగి ఉంది. నరహరి అంతా విన్నాడు. అతను నవ్విన నవ్వుకు గుర్రం నాలుగడుగులు ముందుకు వేసింది. కంబళి జారిపోయింది. వాళ్ళ నాన్న పట్టుకున్నాడు. అప్పటికి ఆ కథ నాది కాకుండా పోయింది, అతనిదయింది.

ఆ రోజే నేను మూసీ వైపు తిరిగి, ఖాదర్ సాబ్ సాక్షిగా, నిటారుగా నిలబడి ప్రతిజ్ఞ చేశాను. ఈ దేహంలో ఊపిరి ఉన్నంతకాలం న్యాయం కోరుతూ అర్జీ రాయను. రాసినా అందులో చంద్రుణ్ని పెట్టను. మనుషుల్ని ఎన్నటికీ లెక్కపెట్టను, పెట్టాల్సి వస్తే కింద గీత గీయను. ఈ మూడూ ఇప్పటిదాకా తప్పలేదు. ఖాదర్ సాబ్ విని, "చౌతా భీ బోలో" అన్నాడు. నాలుగోది, పాలు పిండే వేళకు ఆట పెట్టుకోను.

మరుసటి నెలలో నరహరి బడికి వచ్చాడు. ముంగిట్లో నా పక్కన నిలబడ్డాడు. పంతులుగారు పేరు పిలిచారు. మొదటి పిలుపుకే "హాజిర్" అన్నాడు. ఆయన అలవాటుగా రెండోసారి పిలిచారు, మూడోసారీ పిలిచారు. మూడుసార్లూ పలికాడు. ఎవరమూ విసుక్కోలేదు.

ఆ తర్వాత మేము యాభై ఏళ్ళకు పైగా కలిసి ఉన్నాము. ఉద్యోగం నుంచి వస్తూ నేను అతని దుకాణం మెట్ల మీద కూర్చునేవాణ్ని. దుకాణం కొడుక్కి అప్పగించాక హుసేనీ ఆలంలో వాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చునేవాళ్ళం. ఇద్దరం ఒక్క కప్పు చాయ్ రెండు సాసర్లలో పోసుకుని తాగేవాళ్ళం. నూట ఒకటో వాడెవడని ఎవరైనా అడిగితే, నేనే అని ఎప్పుడూ అతనే ముందు చెయ్యి ఎత్తేవాడు. కాదని నేను ఒక్కసారి కూడా దిద్దలేదు.

ఇప్పుడు నేను సాయంత్రాలు హుసేనీ ఆలం వైపు వెళ్ళడం లేదు.